నడుమెత్తు మొక్కలు

పదకొండేళ్లుగా పత్రికలకు బొమ్మలు వేస్తున్నా, మాధవీలత ఏ ఒక్క బొమ్మనూ గడువు దాటించలేదు. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా చెప్పుకోదు గానీ, లోపల మాత్రం తలుచుకుని గర్వపడుతుంది. శంషాబాద్ రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో, మేడ మీద రెండు గదుల ఇల్లు వాళ్లది. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. విమానం తక్కువ ఎత్తులో పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు అదురుతాయి. ఆ క్షణానికి బ్రష్షును కాగితం మీంచి ఎత్తి పట్టుకోవడం ఆమె చేతికి రెప్ప వేసినంత అలవాటైపోయింది.

సోమవారం పొద్దున భర్త లక్ష్మణ్ విమానాశ్రయంలో సరుకుల షెడ్డు డ్యూటీకి వెళ్లాక, ఆ నెలలో అచ్చయిన తన బొమ్మలను కత్తిరించి ఫైలులో పెట్టుకోవడం మొదలుపెట్టింది. మొదటిది ఒక మాసపత్రికలో, సెలూన్ నడిపే ముసలాయన కథకు వేసింది. దానికోసం బుద్వేల్‌లో ఒక సెలూన్‌లో సగం రోజు కూర్చుంది. గడ్డం గీసేటప్పుడు చర్మాన్ని చెవి వైపు లాగి పట్టుకునే ఎడమచేతి బొటనవేలిదే అసలు నేర్పు అని అక్కడ కూర్చున్నాకే తెలిసింది. బొమ్మలో ఆ వేలిని కత్తికంటే పెద్దది చేసింది. రెండోది సంపాదకీయ పేజీలో, ఒకే పంతులున్న బడి మీద వ్యాసానికి. రెండు తరగతి గదుల గుమ్మాలు. ఒక చెప్పు ఈ గుమ్మం ముందు, దాని జత ఆ గుమ్మం ముందు. అంతే వేసింది. మనిషిని వేయలేదు. ఆ వ్యాసం రాసినాయన ఫోన్ చేసి, "నేను వెయ్యి మాటల్లో చెప్పింది మీరు రెండు చెప్పుల్లో చెప్పేశారమ్మా" అన్నాడు. మూడోది ఫోన్లో మోసపోయిన పెద్దవాళ్ల గురించి. ఫోనును దోసిట్లో తీర్థంలా పట్టుకున్న తాత. ఆ తాత చేతులు మామ పెంటయ్యవి. ఆయనకు చెప్పకుండా, అన్నం తినేటప్పుడు చూసి గీసింది.

మూడింటినీ వరసగా పెట్టి కాసేపు చూసుకుంది. తన పని తనకు బాగుందనిపించినప్పుడు ఆమె పైట కొంగుతో బల్ల తుడుస్తుంది, దుమ్ము లేకపోయినా.

అప్పుడే అరవింద్ ఫోన్ చేశాడు. పత్రిక ఆదివారం సంచిక చూసే ఉపసంపాదకుడు ఆయన. మచిలీపట్నం మనిషి. పదేళ్లయినా ఆమెను "గారు" అనకుండా పిలవడు.

"మాధవీలత గారూ, ఈ వారం ముఖచిత్రం మీరే వేయాలండి. ఎండల్లో బయట పనిచేసేవాళ్ల మీద వ్యాసం. గురువారం మధ్యాహ్నం పన్నెండుకల్లా కావాలి. కుదురుతుందా?"

"కుదురుతది సార్."

 ఇన్నేళ్లలో లోపలి పేజీలే తప్ప ముఖచిత్రం రాలేదు.

*

మంగళవారం పదింటికి ఆటో దిగి, విమానాశ్రయం వైపు పోయే పెద్ద రోడ్డు పక్కన సర్వీసు దారి పట్టుకుని నడిచింది. రోడ్డుకూ ఆ దారికీ మధ్య పొడవునా కంచెలాగా పెంచిన మొక్కలు. కాగితం పూలు అక్కడక్కడ గుత్తులు గుత్తులుగా మండుతున్నాయి. తొమ్మిదిమంది ఆడవాళ్లు పెద్ద కత్తెరలతో ఆ మొక్కల తలలు కత్తిరించి చదును చేస్తున్నారు. తలకు తువ్వాలు, మీద ఇంకో గుడ్డ మూతికి అడ్డంగా. వాళ్లకు నాలుగడుగుల వెనక టోపీ పెట్టుకుని, మెడలో ఈలతో, చేతిలో ఫోన్‌తో సూపర్‌వైజర్ మల్లేశ్వర్.

మాధవీలత అతనికి పత్రిక పేరు చెప్పింది. "పనికి అడ్డం రాకుండ గీసుకో అమ్మా," అని అతను ఫోన్‌లో పడ్డాడు.

ఆమె నిలబడే గీయడం మొదలుపెట్టింది. ముందుగా చేతులు. కత్తెర పిడులకు పాత చీర పేలికలు చుట్టి ఉన్నాయి. కత్తెర మూసినప్పుడల్లా భుజం కొంచెం పైకి లేచి, తెరిచినప్పుడు దిగుతోంది. నాలుగు కత్తిరింపులకు ఒకసారి ఆగి, ఒక కన్ను మూసి, చదును వచ్చిందో లేదో చూస్తారు. మళ్లీ అడుగు పక్కకు. దగ్గరగా ఉన్నామె పేరు భాగ్యలక్ష్మి, పాల్మాకుల మనిషి. నలభై అయిదు దాటి ఉంటాయి.

"ఏం రాస్తున్నవ్ మేడం?" అంది కత్తెర ఆపకుండా.

"రాస్తలేను. బొమ్మ గీస్తున్న, పేపరుకు. మీకు ఇష్టం లేకుంటె గియ్య."

"గియ్యి. జర సన్నగ గియ్యి."

పక్కనున్నవాళ్లు గుడ్డల వెనక నవ్వారు.

పదకొండు దాటుతుండగా మల్లేశ్వర్ ఫోన్ మోగింది. రెండు మాటలు విన్నాడు, ఫోన్ జేబులో పెట్టి ఈల ఊదాడు. తొమ్మిదిమందీ కత్తెరలు కింద పెట్టి, చదును చేసిన మొక్కల వెనక నేల మీద వరసగా కూర్చున్నారు. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, తలలు వంచుకుని. ఎవరూ ఏమీ అడగలేదు.

"నువ్వు గూడ కూసో అమ్మా," అన్నాడు మల్లేశ్వర్.

ఎందుకని అడగాలని తోచేలోపే మాధవీలత కూర్చుండిపోయింది. నేల కాలుతోంది. ఆ మొక్కల నీడ జానెడు కూడా లేదు.

"ఎందుకు కూసున్నం?" అని భాగ్యలక్ష్మిని మెల్లగా అడిగింది.

"ఎవలో పెద్దోళ్ళు ఏర్‌పోర్టుకు పోతున్రంట. మేము కనవడొద్దు. రోడ్డు మీద పూలు కనవడాలె, పనోళ్ళు కనవడొద్దని మా కంట్రాక్టరు మాట."

"ఎప్పుడూ గిట్లనేనా?"

"వారంల రెండు మూడుసార్లు. ఒక్కోసారి అరగంట, ఒక్కోసారి గంట."

వరస చివర అమృతమ్మ అనే పెద్దామె ఉంది. ఆమె మోకాలు మడత పడదు. కాలు చాపుకుని కూర్చుంది. ఆ పాదం మొక్కల సందులోంచి రోడ్డు వైపుకు బయటికి వచ్చింది.

"అమృతమ్మా, కాలు లోపలికి," అన్నాడు మల్లేశ్వర్.

ఆమె రెండు చేతులతో మోకాలి కింద పట్టుకుని, సామాను జరిపినట్టు తన కాలిని తానే లోపలికి జరుపుకుంది. ఆ తర్వాత సైరన్లు వచ్చాయి. ఆకుల సందుల్లోంచి తెల్ల కార్ల తలుపులు గీతల్లాగా పోయాయి. అవి పోయాక కూడా రెండో ఈల కోసం అందరూ కూర్చునే ఉన్నారు.

ఇరవై అయిదు నిమిషాలు. అంతసేపూ మాధవీలత ఒళ్లో పుస్తకం పెట్టుకుని పాదాలు గీసింది. కూర్చున్న చోటి నుంచి అవే కనిపించాయి.

*

ఇంటికి వచ్చి స్నానం కూడా చేయకుండా బల్ల ముందు కూర్చుంది. పెద్ద కాగితం తీసి పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీసింది. గీతకు పైన పూలు, మెరిసే కార్లు. కింద మట్టి, తొమ్మిది ఒళ్లు. మోకాళ్లు గడ్డాలకు ఆనించి, తువ్వాళ్లు కళ్ల దాకా లాక్కుని. చివరన తన కాలిని తానే లాక్కుంటున్న రెండు చేతులు. ముఖాలు వేయలేదు. వేస్తే గుర్తుపట్టి పనిలోంచి తీసేస్తారని భయపడింది. బుధవారం తొమ్మిదింటికల్లా ఇంకు ఆరింది. లక్ష్మణ్ డ్యూటీకి బయలుదేరుతూ బల్ల దగ్గర ఆగి, చాలాసేపు చూసి, చెప్పులు వేసుకోబోయినవాడు మళ్లీ వచ్చి ఇంకోసారి చూశాడు. అతను పొగడడు. రెండోసారి చూడడమే అతని పొగడ్త.

బొమ్మ పంపిన గంటకు అరవింద్ ఫోన్ వచ్చింది.

"చాలా బాగుందండీ. నిజంగా. మీరు ఇంతవరకు వేసినవాటిల్లో..." అని ఆగాడు. "కానీ ఒక చిన్న మార్పు అడుగుతున్నారు. ఈ వారం వెనక అట్ట మీద పచ్చని రోడ్ల గురించి నిండు పేజీ ప్రకటన ఉందట. ముందు అట్ట మీద ఈ బొమ్మ పెడితే బాగుండదంటున్నారు పైవాళ్లు. ఆ కింద కూర్చున్నవాళ్లను తీసేయండి. ఎండ, పూలు, ఒక పక్కన నీళ్ల కుండ పెడితే చాలు. మీకు గంట పని."

గంట పనే. ఆ మాట నిజం. మార్పులు అడిగితే ఆమె ఏనాడూ కాదనలేదు. మూడేళ్ల కిందట ఒక కథలో చామనచాయ పిల్లను వేసి పంపితే, "కథానాయిక కదండీ, కొంచెం తెల్లగా" అన్నారు. రెండు పాళ్లు తెల్లబరిచింది. ఆ బొమ్మకు మెచ్చుకోలు ఉత్తరాలు కూడా వచ్చాయి. అన్ని బొమ్మలూ ఫైలులో ఉన్నాయి గానీ అది లేదు. అది చూసుకుంటే బల్ల తుడవాలనిపించదు.

"వాళ్ళను తీస్తె బొమ్మ లేదు సార్," అంది.

 పదేళ్లలో ఆమె నోట ఆయన ఆ మాట వినలేదు.

"ఆలోచించండి. ముఖచిత్రం అండీ, మళ్లీ ఎప్పుడొస్తుందో. రేపు పన్నెండు దాకా చూస్తాను. రాకపోతే ఫొటో ఏదైనా పెట్టేస్తాను, మీ బొమ్మ లోపలి పేజీలో ఎప్పుడైనా..." మాట పూర్తిచేయకుండా ఫోన్ పెట్టేశాడు.

 తప్పు చేశానా అని ఒకసారి అనుకుంది. తర్వాత బొమ్మను అట్టల మధ్య పెట్టి, గుడ్డ చుట్టి, పాల్మాకుల ఆటో ఎక్కింది. ఇంత గొడవ ఎవరి కోసమో వాళ్లకు చూపించనైనా చూపించాలనిపించింది.

*

భాగ్యలక్ష్మి అప్పుడే పని నుంచి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటోంది. మాధవీలతను చూసి ఆశ్చర్యపోయి, మంచం వాల్చి, "కూసో మేడం," అంది. విషయం తెలిసి పక్కిళ్ల నుంచి మిగతావాళ్లూ వచ్చారు. బొమ్మను మంచం మీద పరిచారు. చేతులు కొంగుకు తుడుచుకుని గాని ఎవరూ దాని దగ్గరికి రాలేదు.

"ఇది రుక్మిణమ్మ కాలు," అంది ఒకామె. "బొటనవేలు గట్ల పక్కకు తిరిగుంటది సూడు."

"గీ మెట్టెలు నావి."

"అమృతమ్మ చేతులు. అగో, గాజు పలిగింది గూడ ఏసింది."

మాధవీలతకు ఒళ్లంతా గర్వంతో వెచ్చబడింది. ముఖం లేకుండా మనిషిని గుర్తుపట్టేలా వేయడం కంటే ఈ పనిలో ఇంకేముంది? పత్రికవాళ్లు ఏమడిగారో, తాను ఏమన్నదో చెప్పింది. మిమ్మల్ని తీసెయ్యనన్నాను అన్నప్పుడు తన గొంతు తనకే కొంచెం పెద్దగా వినిపించింది.

అందరూ ఆమెను మెచ్చుకోలుగా చూశారు. భాగ్యలక్ష్మి ఒక్కతే ఇంకా బొమ్మనే చూస్తోంది.

"మా మొకాలు ఏవి?" అంది.

"నౌకరికి ఇబ్బంది అయితదని ఎయ్యలేదక్కా. ఎవలు గుర్తుపట్టొద్దని."

"గది మంచిదే." వేలితో గీత పైనున్న పూలను తాకీ తాకనట్టు చూపించింది. "కనవడొద్దని వాడు కూసోవెట్టిండు. నువ్వు గూడ కూసోవెట్టినవ్ గద చెల్లె."

ఆ మాటలో కోపం లేదు. వంటలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టే చెప్పింది. మేడం పోయి చెల్లె వచ్చింది కూడా ఆ మాటలోనే. మాధవీలత మళ్లీ బొమ్మ వైపు చూసింది. కార్లు మెరుస్తున్నాయి. పూలు విచ్చుకుని ఉన్నాయి. వాళ్లు తలలు వంచుకుని ఉన్నారు. అంత శ్రద్ధగా, అంత చక్కగా, మల్లేశ్వర్ చెప్పినట్టే వంచుకుని ఉన్నారు.

"ఆ చెట్లు ఎంత ఎత్తుంటయో తెలుసా నీకు?" అంది భాగ్యలక్ష్మి.

"ఎంత?"

ఆమె లేచి నిలబడి, చెయ్యిని అడ్డంగా తన నడుము దగ్గర పెట్టింది. "గింత. నాటినప్పుడు జానెడున్నయి. నడుమెత్తు ఉంచాలె అన్నరు. ఎవల నడుము అని మేమడగలే. కొలిసే కట్టె ఇయ్యలే. గందుకే నా నడుమే కొలత. రుక్మిణమ్మ పొట్టిది, ఆమె కత్తిరిస్తె కిందికొస్తది, నేనొచ్చి సూడాలె."

అందరూ నవ్వారు, రుక్మిణమ్మతో సహా. నవ్వు ఆగాక భాగ్యలక్ష్మి మళ్లీ మంచం మీద కూర్చోలేదు. నిలబడే ఉంది. సాయంత్రపు ఎండ పక్క నుంచి ఆమె ముఖం మీద పడుతోంది. గుడ్డ లేని ఆ ముఖాన్ని మాధవీలత మొదటిసారి చూసింది. వెడల్పు నుదురు, ఎండకు సగం మూసుకోవడం మరిగిన కళ్లు, పైపెదవి మీద చిన్న గాటు మచ్చ.

"అక్కా, గట్లనే నిలబడతవా జరసేపు?"

"నిలబడ్త. మొకం ఎయ్యి. తీసేస్తె తీసేస్తరు. నా అంత చదును కొట్టెటోళ్ళు వాళ్ళకు దొరకాలె గద."

మాధవీలత మిగతావాళ్లను ఒక్కొక్కరినే అడిగింది. కొంతమంది వెంటనే ఊ అన్నారు. ఇద్దరు ఇంట్లోకి వెళ్లి అడిగి వచ్చారు. రుక్మిణమ్మ తల దువ్వుకుని వచ్చింది. అమృతమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"నాకు ఒద్దు బిడ్డ. నాకింకో పని దొరకది. కానీ నన్ను తీసెయ్యకు. అటు తిరిగి నిలబడ్త, ఎనకనుంచి ఎయ్యి."

"మోకాలు నొస్తది గదా, కూసో అమ్మా, నేను నిలబడ్డట్టు ఏస్త."

"నిలబడ్డంకనే ఎయ్యి," అంది అమృతమ్మ. గోడకు చెయ్యి ఆనించి లేచింది.

పొద్దు గుంకేదాకా మాధవీలత గీసింది. పన్నెండు కాగితాలు నిండాయి.

*

గురువారం పొద్దున అయిదున్నరకు బల్ల ముందు కూర్చుంది. ఈసారి అడ్డగీత కాగితం మధ్యలోకి రాలేదు. కిందికి దిగింది. ఆ గీత మీద చదునుగా, దిద్దినట్టుగా మొక్కలు. వాటి వెనక ఎనిమిది ముఖాలు, ఒక వీపు. నిలువెత్తు మనుషులు. మొక్కలు వాళ్ల నడుముల దాకానే. కత్తెరలు కొందరి భుజాల మీద, కొందరి చేతుల్లో. రోడ్డును తిప్పి వాళ్ల వెనక దూరంగా పెట్టింది, దాని మీద వేలి గోరంత కార్లు. ఆకాశం వేయలేదు. కాగితం తెలుపు అలాగే వదిలేసింది. నడినెత్తిన ఎండకు రంగుండదు.

ముఖాలకు సన్నని బ్రష్షు తీసుకుంది. చామనచాయలు, నలుపులు. ఏ ఒక్కదానికీ ఒక్క పాలు కూడా తెలుపు కలపలేదు. భాగ్యలక్ష్మి కళ్ల దగ్గర చెయ్యి కాసేపు ఆగింది. సగం మూసిన ఆ కళ్లలో చదును చూసుకునే చూపు రావాలి. మూడుసార్లు గాలిలో గీసుకుని, నాలుగోసారి కాగితం మీద పెట్టింది. వచ్చింది. వచ్చిందని చేతికే ముందు తెలిసింది.

పదకొండున్నరకు పంపింది. కింద ఒక్క వాక్యం రాసింది: "ఇది తప్ప వేరే బొమ్మ ఇవ్వలేను సార్."

పన్నెండు అయింది. పన్నెండుంబావు. అన్నం పెట్టుకుని తినకుండా కూర్చుంది. ఒంటిగంటకు ఫోన్ మోగింది.

"ఈ నుంచున్నావిడ ఎవరండీ, మధ్యలో?" అన్నాడు అరవింద్.

"భాగ్యలక్ష్మి. పాల్మాకుల."

"మా మేనత్త ఇలాగే చూసేది," అన్నాడు. "నిన్నటిది చూసి జాలిపడ్డాను. దీన్ని చూస్తే జాలిపడ్డందుకు సిగ్గేస్తోంది. ఇది పైకి పంపడం లేదు. పచ్చదనం కావాలన్నారు, ఉంది. నీళ్ల కుండ లేదని అడిగితే నేను చెప్పుకుంటాను. అచ్చుకు పేజీ కట్టేస్తున్నాను."

ఆమె థాంక్సు చెప్పేలోపే ఆయనే అడిగాడు. "మీ సంతకం చాలా చిన్నగా ఉంటుందెందుకండీ ఎప్పుడూ?"

"అలవాటు సార్."

"కొంచెం పెద్దదిగా చేసి మళ్లీ పంపండి. పది నిమిషాలు ఆగుతాను."

*

ఆదివారం లక్ష్మణ్ పొద్దున్నే బస్టాండుకు వెళ్లి పది పత్రికలు తెచ్చాడు. షెడ్డులో చూపించడానికి తనకొకటి వేరుగా పెట్టుకున్నాడు. మామ పెంటయ్య అట్టను దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసి, "వీళ్ళను నేనెరుగుదునా?" అని అడిగాడు. ఎరుగవని చెబితే నమ్మలేదు.

సోమవారం మిగతా తొమ్మిదీ తీసుకుని మాధవీలత రోడ్డు దగ్గరికి వెళ్లింది. దూరం నుంచే లెక్కపెట్టుకుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. అందరూ ఉన్నారు. 

"పొద్దున సైరను కార్లు పోయినయి," అంది భాగ్యలక్ష్మి పత్రిక అందుకుంటూ, గొంతు తగ్గించి. "ఈల ఊదలే. ఎందుకని మేమడగలే, ఆయన చెప్పలే. పని చేసుకుంట నిలబడ్డం."

మల్లేశ్వర్ వాళ్ల వైపే నడిచి వస్తున్నాడు. అతని చొక్కా జేబులో మడిచిన ముఖచిత్రం కనిపిస్తోంది. కత్తెరల చప్పుడు ఒక్కొక్కటే ఆగిపోయింది. అతను మాధవీలత ముందు నిలబడి, టోపీ తీసి చెమట తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"మా కంట్రాక్టరు నిన్న ఫోన్ చేసిండమ్మా. పేపర్ల బొమ్మ సూసిండట. వీళ్ళను నిలబడమన్నది ఎవడు అని అడిగిండు."

భాగ్యలక్ష్మి పత్రికను మడిచి చంకలో పెట్టుకుంది.

"చెట్ల తలలు కూసోని ఎట్ల కత్తిరిస్తరు సార్ అన్న." అతను రోడ్డు వైపు చూశాడు. "ఇంక ఏమన్లే ఆయన. ఎవలో పెద్ద సారు చదును మంచిగుందన్నడట. గంతే, ఫోన్ పెట్టిండు."

భాగ్యలక్ష్మి కత్తెర అందుకోబోయింది. మల్లేశ్వర్ కదలలేదు. ఇంకేదో చెప్పాలని ఉంది అతనికి. జేబులోంచి అట్ట తీసి, మడత విప్పి, ఎనిమిది ముఖాలనూ ఒక వీపునూ మళ్లీ ఒకసారి చూశాడు.

"ఏడేండ్లాయె నేనీ రోడ్డు మీద," అన్నాడు. "మా ఇంటామె అంత ఎతికింది దీన్ల. నువ్వేడున్నవ్ అన్నది."

 ఆ రోజు కాలు లోపలికి అన్న గొంతు ఇదే. మాధవీలత అమృతమ్మ వైపు చూసింది. అమృతమ్మ అతన్నే చూస్తోంది.

"పేపరుకు గాకపోయినా ఏం లేదు," అన్నాడు మల్లేశ్వర్. "నీ పుస్తకంల ఒకటి గియ్యి. కూసున్నట్టు గాదు. నిలవడ్డట్టు."

అని వెళ్లి వరసకు ముందు, పొడుగ్గా నిలబడ్డాడు. మెడలోంచి ఈల తీసి ఎక్కడ పెట్టాలో తెలియక పిడికిట్లో పట్టుకున్నాడు.

"గాడ గాదు సార్," అంది అమృతమ్మ. "మేము కనవడం. ఇటు పక్కకు రా, నా అవతలికి."

మల్లేశ్వర్ ఒక క్షణం ఆగాడు. తర్వాత వరస వెంబడి నడిచి వచ్చి, చివరన, అమృతమ్మ పక్కన నిలబడ్డాడు. మొక్కలు అతనికీ నడుము దాకానే వచ్చాయి. అమృతమ్మ తువ్వాలు విప్పి, ముఖం తుడుచుకుని, ఈసారి ఇటు తిరిగింది.

మాధవీలత పుస్తకం తెరిచి కొత్త కాగితం తిప్పింది.